వ్రేపల్లెకు రెండో అర్థం

గౌరీపతి అవధానులుగారికి ఒక అలవాటు ఉండేది. ఫలానా మాటకు అర్థమేమిటని ఎవరైనా అడిగితే వెంటనే చెప్పేవారు కాదు. ఆ మాట ఎవరి నోట బతుకుతోందో చెప్పి, అక్కడికి వెళ్ళి రమ్మనేవారు. 'పదును' దగ్గర ఆగిపోయిన ఒక శిష్యుణ్ణి కమ్మరి కొలిమికి పంపితే, అతను రెండు రోజులు తిత్తి ఊది, కనుబొమలు కాల్చుకుని తిరిగి వచ్చాడు. ఏం తెలుసుకున్నావని ఆయన అడగలేదు. చీటీ తీసుకుని రాయమన్నారు, అంతే.

తెల్లదొరల పాలన ఇంకా ముగియని ఆ రోజుల్లో, సీమలోని ఒక చిన్న ఊళ్ళో, అవధానులుగారు పన్నెండేళ్ళుగా ఒక నిఘంటువు కూరుస్తున్నారు. ఇంటి ముందు చావడి నిండా చెక్కపెట్టెలు, ఒక్కో పెట్టె మీద ఒక్కో అక్షరం, లోపల దొంతరలు దొంతరలుగా చీటీలు. నలుగురు శిష్యులు ఆయన దగ్గరే ఉండి ఆ పని చేసేవారు. వాళ్ళలో 'వ' అక్షరం శ్రీకంఠానికి వచ్చింది.

శ్రీకంఠం బళ్ళారి బజారు వీధిలో పుట్టి పెరిగినవాడు. ఇంటి వెనక కంసాలుల సుత్తుల చప్పుడు, ఇంటి ముందు జట్కాల చప్పుడు, ఈ రెంటి మధ్య కావ్యాలు చదువుకున్నాడు. కావ్యాల్లో అతనికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు వ్రేపల్లె. వ్రేలు అంటే గొల్లలు. వాళ్ళ పల్లె వ్రేపల్లె. కాని ఆ మాట కనబడగానే అతనికి ఊరు గుర్తుకు వచ్చేది కాదు. పచ్చిక, చల్లకవ్వం చప్పుడు, చెట్టునీడలో నెమరు వేసే మంద, ఎవరికీ ఏ తొందరా లేని ఒక పగలు గుర్తుకు వచ్చేవి. ఆరేళ్ళుగా చీటీలు రాసి రాసి అతని కళ్ళు మండుతున్నాయి. ఈ పని ఒక దరికి చేరాక అలాంటి చోట ఒక పాక వేసుకుని ఉండిపోవాలని అతను ఎవరికీ చెప్పకుండా అనుకుంటూ ఉండేవాడు. ఆ కోరికతోనే కాబోలు, ఆ చీటీని మిగతా వాటికన్నా శ్రద్ధగా రాశాడు. 'వ్రేపల్లె: 1. గొల్లలు వసించు పల్లె. 2. ఆడంబరమును, చింతయు లేని పల్లె బ్రదుకు.'

అవధానులుగారు మొదటి అర్థం చదివి తల ఊపారు. రెండోదాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచారు.

"తప్పుందా గురువుగారూ?"

"తప్పని అనలేదే."

"ఒప్పని కూడా అనలేదు. కవులు ఈ మాటను ఊరికి వాడినట్టే వాడతారు గాని, వాళ్ళు చెప్పేది ఊరి సంగతి కాదు, ఒక బతుకు సంగతి. నాకు అలాగే అనిపించింది. కాదంటే వ్రేపల్లె అంటే ఏమిటో మీరే సెలవివ్వండి."

అవధానులుగారు చీటీని పెట్టెలో వేయలేదు, తిరిగి అతని చేతికే ఇచ్చారు. "వేసవిలో ఎరువు కోసం మన చేలో మంద కడుతుందే, గొల్ల ఓబులమ్మ, ఆమెను ఎరుగుదువు కదా. కొండకింద గొల్లపల్లెలో ఉంటుంది. ఒక రోజు ఆమె వెంట తిరిగి రా."

మర్నాడు చుక్క ఉండగానే బయలుదేరి, పొద్దుపొడిచే వేళకు శ్రీకంఠం గొల్లపల్లె చేరాడు. అటుకుల మూట, చీటీల సంచి భుజాన ఉన్నాయి. ఓబులమ్మ అప్పుడే దొడ్డి తడిక తీస్తోంది. యాభై ఏళ్ళ మనిషి. భర్త పోయి పదేళ్ళయింది. భుజాన నల్లకంబళి, చేతిలో తనకన్నా పొడుగైన కర్ర, నడుముకు కట్టుకున్న గుడ్డలో సంగటి ముద్ద. అవధానులుగారు పంపారని చెప్పేసరికి ఆమె మారుమాట లేకుండా, "రా సామీ. నడవగలవా?" అని మాత్రం అడిగింది.

గొర్రెలు అరవైదాకా ఉన్నాయి. అన్నిటికీ ముందు నడిచేది ఒక పెద్ద గొర్రె. ఒళ్ళంతా తెలుపు, ఒక్క చెవి నలుపు. దాన్ని ఆమె నల్లచెవి అనే పిలిచేది. అది ఎటు తిరిగితే మంద అటు తిరిగేది.

గుట్ట ఎక్కినంతసేపూ శ్రీకంఠం ఆమెను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. ఓబులమ్మ చెప్పేది కాని, నిలబడి చెప్పేది కాదు. నాలుగు మాటలు చెప్పి, ఐదో మాట మధ్యలో ఆపి, ఒక కేక వేసి, రాయి విసిరి, ముందుకు పోయేది. మిగిలిన మాట కోసం అతను వెనకాల పరుగెత్తేవాడు. ఆమె ఎప్పుడూ మందకు కుడిపక్కనే నడుస్తోందని మాత్రం గమనించాడు. ఎండ ఎడమ నుంచి వస్తోంది కాబట్టి కాబోలు అనుకున్నాడు. పొద్దెక్కే కొద్దీ అతనికి ఒక విధమైన దిగులు పట్టుకుంది. తాను వెతుక్కుంటూ వచ్చిన చోటు చుట్టూ కళ్ళముందే ఉంది. వానలు వెనకబడి కురిసిన ఏడాది కావడంతో గుట్టంతా పచ్చగా ఉంది. కింద లోయలో వంక నీరు వెండితీగలా మెరుస్తోంది. కాని ఈమె ఒక్కసారైనా అటు తల తిప్పలేదు. ఆమె కళ్ళు గొర్రెల కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

"అమ్మా, ఎప్పుడైనా ఈ గుట్ట మీంచి కిందికి చూశావా?"

"దినామూ సూస్తానే ఉంటా గదా సామీ."

"పని మీద కాదు. ఊరికే."

ఓబులమ్మ నవ్వింది. "ఊరికే సూసేదానికి ఏముండాది?"

మధ్యాహ్నానికి మంద గుట్ట నడుములో ఉన్న తుమ్మచెట్ల కింద చేరింది. గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తలపెట్టుకుని నీడకు నిలబడ్డాయి. కొన్ని పడుకుని నెమరు వేయసాగాయి. ఓబులమ్మ అప్పుడు కూడా కూర్చోలేదు. చెట్లకు కుడివైపున, గుట్ట అవతలి వాలు మొదలయ్యే చోట, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది. శ్రీకంఠానికి జాలి వేసింది. కొంచెం పట్టుదల కూడా కలిగింది. ఎదురుగా, నీడ పడే చోట, బల్లలా చదునుగా ఉన్న బండ ఒకటి ఉంది. అక్కడ కూర్చుంటే లోయ అంతా కనిపిస్తుంది.

"అవి పడుకున్నాయి కదమ్మా. ఒక్క గడియ వచ్చి ఇక్కడ కూర్చో. నీకొకటి చూపిస్తాను."

"వద్దులే సామీ."

"నా కోసం. అవధానులుగారు అడిగితే ఏం చెప్పమంటావు?"

అవధానులుగారి పేరు చెప్పినందుకో, కాళ్ళు లాగినందుకో, ఆమె వచ్చి బండ మీద కూర్చుంది. కంబళి పక్కన పెట్టింది. సంగటి విప్పింది. శ్రీకంఠం లోయవైపు చేయి చాచి, అక్కడ ఉన్నవాటినే ఒక్కొక్కటిగా చెప్పాడు. ఎర్రమట్టి చేల మధ్య ఆముదపు చేను ఎంత పచ్చగా ఉందో చెప్పాడు. కొంగలు లేచి, మళ్ళీ అక్కడే వాలడం చూపించాడు. పొయ్యిల పొగ ఊరి మీద పలచగా, కదలకుండా పరుచుకుని ఉండటం చూపించాడు. అతనికి మాట చెప్పడం తెలుసు. చిన్నప్పటి నుంచి అదే చదువు. ఓబులమ్మ మొదట మర్యాదకు విన్నది. తర్వాత ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అదేనా మా ఊరు? ఆ గువ్వగూడు మాదిరి ఉండేది?"

"అదే."

"మా ఇంటి మింద పాత కంబళి ఆరేసొచ్చినా." ఆమె కళ్ళు చికిలించి వెతికింది. "అదిగో! మిరియపు గింజంత ఉండాది సూడు సామీ." చిన్నపిల్లలా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి, నెమ్మదిగా చెప్పుకుపోయింది. "పదమూడేండ్లకు ఈ ఊరికి కోడలుగా వచ్చినా. వచ్చినప్పుడు మా అమ్మగారి ఊరు తలుసుకోని రోజూ ఏడ్సేదాన్ని. అక్కడ చెరువుండాది, ఇక్కడేముండాది రాళ్ళు తప్ప అని. ఇన్నేండ్లూ ఈ గుట్ట ఎక్కినా, దిగినా. ఇంత సక్కగుండాదని ఒకరూ చెప్పలేదు, నేనూ సూసుకోలేదు."

చల్లటి గాలి కిందనుంచి వచ్చింది. ఓబులమ్మ మోకాళ్ళ చుట్టూ చేతులు పెనవేసుకుని, గడ్డం వాటి మీద పెట్టుకుని, లోయలోకి చూస్తూ ఉంది. శ్రీకంఠం సంచిలో చేయి పెట్టి చీటీ తీయబోయి, మానేశాడు. తాను రాసిన రెండో అర్థం ఇదిగో, పక్కనే కూర్చుని ఊపిరి పీల్చుకుంటోంది అనుకున్నాడు. ఎంతసేపు అలా ఉన్నారో ఇద్దరికీ తెలియదు.

ఉన్నట్టుండి ఆమె వెనక్కి తిరిగింది. తుమ్మచెట్ల కింద నీడ తప్ప ఏమీ లేదు.

ఆమె కేక కూడా వేయలేదు. కర్ర అందుకుని గుట్ట అవతలి వాలు మీదికి పరుగెత్తింది. వెనకాల పరుగెత్తిన శ్రీకంఠానికి, పొద్దుటి నుంచి ఆమె కుడిపక్కనే ఎందుకు నడిచిందో అప్పుడు తెలిసింది. అవతల వాలులో కోసేసిన జొన్నచేను ఉంది. కొయ్యకాళ్ళ నుంచి మొన్నటి జల్లుకు పిలకలు వచ్చాయి. లేతగా, నిగనిగలాడుతూ, దూరం నుంచే నోరూరించేట్టు ఉన్నాయి. ఆ పిలకల్లో విషం ఉంటుందని, పొట్టనిండా తిన్న గొర్రె గడియలో పడిపోతుందని గొల్లపల్లెలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. గొర్రెకు మాత్రం తెలియదు. నల్లచెవి ముందు దిగింది. దాని వెనకాల మందంతా దిగింది.

ఓబులమ్మ చేలో అడ్డంగా పడి, కర్రతో, రాళ్ళతో, చేతులతో వాటిని గట్టు మీదికి తోలింది. తోలుతుండగానే ఒకటి కాళ్ళు తడబడి కూలబడింది. ఇంకొకటి నోట నురగ కక్కుతూ తల వెనక్కి విరుచుకుంది.

"బెల్లం! ఊళ్ళోకి పొయ్యి బెల్లం తే సామీ! మా మరిది నాగప్పనడుగు, మొదటిల్లే! పో!"

శ్రీకంఠం జీవితంలో అలా పరుగెత్తలేదు. సగం దారిలో చెప్పు తెగింది. రెండోది తనే విడిచేశాడు. రాళ్ళు, పల్లేరుకాయలు తెలియలేదు. మొదటి ఇంటి అరుగు మీద తాడు పేనుకుంటున్న నాగప్పకు సంగతి సగమే చెప్పగలిగాడు, ఊపిరి ఆడలేదు. జొన్నచేను అన్న ఒక్కమాట సరిపోయింది. నాగప్ప బెల్లపు దిమ్మ, వెదురుగొట్టం, రెండు ముంతలు పట్టుకుని అతనికన్నా ముందు గుట్టెక్కాడు.

అప్పటి నుంచి పొద్దు వాలేదాకా ముగ్గురూ అదే పని చేశారు. వంక నుంచి నీళ్ళు మోసి, ఆ విషానికి విరుగుడుగా బెల్లం కలిపి, ఒక్కొక్కదాని తల ఎత్తి, పళ్ళ సందున గొట్టం పెట్టి పోశారు. పట్టుకోవడం శ్రీకంఠం వంతు. గొర్రె తలకాయ అంత బరువుంటుందని, దాని గుండె మెడ దగ్గర కూడా కొట్టుకుంటుందని అతనికి తెలియదు. కొన్ని అతని చేతుల్లోనే తేరుకుని, తల విదిలించి లేచి నిలబడ్డాయి. నల్లచెవి లేవలేదు. దాని చుట్టుపక్కల మరో నాలుగు లేవలేదు.

ఓబులమ్మ నల్లచెవి తలను ఒళ్ళో పెట్టుకుని, మనిషి పోతే ఏడ్చినట్టు పేరు పెట్టి ఏడ్చింది. నాగప్ప ఉండబట్టలేక అన్నాడు. "ఇన్నేండ్లలో ఎన్నడూ లేంది. కన్ను యాడ పెట్టుకున్నావు వదినా?"

శ్రీకంఠం ముందుకు వచ్చాడు. "ఆమె తప్పు కాదయ్యా. వద్దంటున్నా వినకుండా నేనే కూర్చోబెట్టాను."

ఓబులమ్మ తల ఎత్తింది. "కూసోమన్నది ఆయప్ప. కూసునింది నేను," అంది మరిదితో.

విషం తిని చచ్చినదాన్ని ఎవరూ తినరు. గట్టు పక్కన గొయ్యి తీసి ఐదింటినీ పూడ్చారు. ఆఖరి మట్టి వేశాక శ్రీకంఠం, బొబ్బలెక్కిన చేతులు దులుపుకోకుండానే, "రేపు కూడా వస్తానమ్మా," అన్నాడు. ఏదో ఒకటి చేయకుండా వెళ్ళిపోతే తాను ఎవరి ముఖమూ చూడలేడని అతనికి అనిపించింది.

ఆమె అతన్ని కాసేపు ఎగాదిగా చూసింది. "కుడిపక్క నడుస్తావా?"

"నడుస్తాను."

మూడు రోజులు నడిచాడు. నాగప్ప ఇంటి అరుగు మీద పడుకున్నాడు. అటుకులు ఒక్క పూటకే అయిపోయాయి. ఆ తర్వాత ఓబులమ్మ పెట్టిన సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాడు. నల్లచెవి లేని మంద తల తెగిన తాడులా ఎటుపడితే అటు పాయలు పాయలుగా పోయేది. నీరసించిన గొర్రెలు వెనకబడేవి. ఓబులమ్మ ఎడమపక్క, అతను కుడిపక్క. మొదటి రోజు అతని కేక గొర్రెలకు వినిపించనే లేదు. రెండో రోజుకు గొంతు బొంగురుపోయింది, కాని అవి వినడం మొదలుపెట్టాయి. మూడో రోజున ఒక గొర్రె చెవులు జొన్నచేనివైపు నిక్కబొడుచుకోగానే, అది అడుగు వేయకముందే అతని చేతిలో రాయి లేచింది. ఓబులమ్మ చూసి, "ఊఁ," అంది. అంతకన్నా పెద్ద మెప్పు అతనికి ఆరేళ్ళలో దొరకలేదు.

ఆ మూడో రోజు మధ్యాహ్నమే, మందను నీడకు తోలుతూ, వాళ్ళు ఆ బండ పక్కగా పోవలసి వచ్చింది. ఓబులమ్మ ఆగలేదు. నడుస్తూనే, తల కొంచెం తిప్పి, కిందికి ఒక్కసారి చూసింది. చూసి, పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

శ్రీకంఠం ఆమె పక్కకు వచ్చాడు. "పోయినవి గుర్తొచ్చాయా అమ్మా?"

"వాటికి ఆపొద్దే ఏడ్సినా సామీ," అంది ఓబులమ్మ. "ఇది వాటికి గాదు." కేక వేసి, గొర్రెల వెంట పోయింది.

ఆ సాయంత్రం సెలవు తీసుకున్నాడు. ఓబులమ్మ దొడ్డి తడిక దగ్గర నిలబడి, "అవధానులయ్యకు దండాలన్నానని చెప్పు. ఈ ఏడు కూడా మంద తోలుకొస్తా," అంది. శ్రీకంఠం బండిబాట ఎక్కి చాలా దూరం నడిచాక ఒక సంగతి తోచి నిలబడిపోయాడు. బండ మీద కూర్చున్న రోజు తర్వాత మూడు రోజులు గుట్ట మీద ఉన్నాడు. ఆ మూడు రోజుల్లో లోయను అతను ఒక్కసారి కూడా చూడలేదు. వెనక్కి తిరిగాడు. అప్పటికే మసకచీకటి కమ్మింది, గుట్ట గుట్టలా మాత్రమే కనిపించింది.

అవధానులుగారు చావడిలో చీటీలు సర్దుకుంటున్నారు. శిష్యుడి కాళ్ళకు చుట్టిన గుడ్డపేలికలు చూశారు, బొంగురు గొంతు విన్నారు, కూర్చోమన్నారు. శ్రీకంఠం ఏదీ దాచకుండా, తనను సమర్థించుకోకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన వింటూ చీటీలు సర్దుతూనే ఉన్నారు. ఓబులమ్మ బండ పక్కన కళ్ళు ఒత్తుకున్న సంగతి వచ్చినప్పుడు మాత్రం చేతిలో చీటీని కింద పెట్టారు.

చెప్పడం అయిపోయాక శ్రీకంఠం సంచిలోంచి నలిగిపోయిన తన చీటీ తీశాడు. కలాన్ని సిరాలో ముంచాడు.

"ఈ రెండో అర్థం కొట్టేస్తున్నాను గురువుగారూ. ఆ బతుకులో చింత లేని క్షణం ఒక్కటి లేదు. నేను చూపించింది అబద్ధం. ఆ అబద్ధం ఐదు ప్రాణాలు తీసింది."

అవధానులుగారు చేయి చాచి అతని కలం పట్టుకున్నారు. సిరా బొట్టు చాప మీద పడింది.

"అబద్ధమే అయితే, నాయనా," అన్నారు ఆయన, "మూడో రోజు ఆ లోయను చూసి ఆమె ఏడ్చింది దేనికి?"